మలివయసులో మనిషి తోడు... ముందే వేసుకోవాల్సిన లెక్క

తెనాలిలో ఓ ఇల్లు అనుకుందాం. ఆయనకు 74 ఏళ్లు, ఆవిడకు 71. ఆయన ఉద్యోగం చేసి రిటైరయ్యారు, పింఛను వస్తుంది. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో. సొంతిల్లు. అప్పుల్లేవు. ఆరోగ్య బీమా ఉంది. ‘ఇంకేం కావాలి?’ అనుకునేంత నిశ్చింత. ఓరోజు తెల్లవారుజామున ఆవిడ స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. గుంటూరు తీసుకెళ్లారు, ఆపరేషన్‌ అయింది. బిల్లులో చాలామటుకు బీమా కంపెనీయే కట్టింది. వారం తర్వాత ఇంటికి పంపించేశారు.

అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. ఆవిడను మంచం మీద నుంచి లేపేదెవరు? రాత్రి రెండింటికి బాత్‌రూమ్‌కు తీసుకెళ్లేదెవరు? ఆయనకేమో నడుంనొప్పి. కూతురు పది రోజులు సెలవు పెట్టి వచ్చి వెళ్లింది. కొడుకు వీడియోకాల్‌లో ‘‘ఖర్చు గురించి ఆలోచించకండి నాన్నా, మంచి మనిషిని పెట్టండి’’ అన్నాడు. ‘‘డబ్బు సరేరా, మనిషేడీ?’’ అన్నారాయన.

ఇది ఒక్క ఇంటి కథేం కాదు. పిల్లలు దూరాన ఉన్న మధ్యతరగతి ఇళ్లన్నిటికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే. విశ్రాంత జీవితం కోసం డబ్బు దాచుకునేవాళ్లు ఇంటి ఖర్చు లెక్కేస్తారు, ఆసుపత్రి ఖర్చుకు బీమా తీసుకుంటారు. ఈ రెంటికీ మధ్యన మూడో ఖర్చొకటి ఉంది. అది లేపి కూర్చోబెట్టే, స్నానం చేయించే, అన్నం తినిపించే మనిషి ఖర్చు. ఏళ్ల తరబడి సాగేది ఇదే. లెక్కలో లేకుండా పోయేదీ ఇదే.

బీమా ఎక్కడ ఆగిపోతుంది?

మీ ఆరోగ్య బీమా పాలసీ తీసి, మినహాయింపుల పేజీ చూడండి. అందులో ‘ఎక్స్‌క్లూజన్‌ 05’ అని ఒకటుంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండేలా రూపొందించిన మినహాయింపుల్లో ఇదొకటి. చికిత్స కోసం కాకుండా కేవలం విశ్రాంతి కోసం చేరినా, స్నానం, దుస్తులు మార్చటం, నడిపించటం వంటి రోజువారీ పనులకు ఇంట్లోగానీ, సంరక్షణ కేంద్రంలోగానీ సాయం తీసుకున్నా ఆ ఖర్చు చెల్లించబోమన్నది దాని సారాంశం. అంటే తుంటి ఆపరేషన్‌కు డబ్బొస్తుంది. ఆ తర్వాత ఆర్నెల్లు ఆవిడను చూసుకున్న ఆయా జీతానికి రాదు.

డెబ్బై ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏటా కుటుంబానికి రూ.5 లక్షల వరకూ చికిత్స అందించేలా ఆయుష్మాన్‌ భారత్‌ పథకాన్ని 2024 అక్టోబరులో విస్తరించారు. దీనికి ‘వయ వందన’ కార్డు ఇస్తారు. తప్పకుండా తీసుకోవాల్సిన కార్డే. కానీ అదీ ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకే పనికొస్తుంది. కొత్తగా పాలసీ తీసుకోవటానికి 65 ఏళ్ల వయఃపరిమితి కూడా 2024 ఏప్రిల్‌ నుంచి లేదు. ఇవన్నీ మంచి మార్పులే. కాకపోతే ఇవేవీ ‘మనిషి తోడు’ ఖర్చును భరించవు. దాన్ని మన సంపాదన నుంచే భరించుకోవాలి. ఇది ముందే తెలిస్తే లెక్క మారుతుంది.

ముందు మనిషిని అంచనా వేయండి

ఏ హోమ్‌ బాగుంటుందని వెతకటానికి ముందు, మన పెద్దవాళ్లకు ఎంత సాయం అవసరమన్నది తేల్చుకోవాలి. వైద్యులు దీనికి ఆరు రోజువారీ పనులను చూస్తారు. స్నానం చేయటం, దుస్తులు వేసుకోవటం, మరుగుదొడ్డికి వెళ్లిరావటం, మంచం మీంచి కుర్చీలోకి మారటం, మలమూత్రాలను ఆపుకోగలగటం, తమంతట తాము తినటం. వీటిలో ఏవి సొంతంగా చేసుకోగలరు? వేటికి చేయి పట్టుకోవాలి? వేటికి పూర్తిగా ఒకరు కావాలి? ఓ కాగితం మీద రాసుకోండి.

వీటికన్నా ముందే తడబడే పనులు మరికొన్ని ఉంటాయి. మందులు వేళకు వేసుకోవటం, బ్యాంకు పనులు చూసుకోవటం, వంట, ఫోన్‌ వాడటం, బజారుకు వెళ్లిరావటం. బిల్లులు రెండుసార్లు కట్టటం, పొయ్యి మీద పాలు మరచిపోవటం, తెలిసిన వీధిలోనే దారి తప్పటం వంటివి పదేపదే జరుగుతుంటే ‘వయసైపోయిందిలే’ అని సరిపెట్టుకోవద్దు. మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మంది డిమెన్షియాతో బాధపడుతున్నారని, అంటే సుమారు 88 లక్షల మంది ఉన్నారని జాతీయస్థాయి అధ్యయనం అంచనా. అయితే మతిమరుపులన్నీ డిమెన్షియా కావు. థైరాయిడ్‌ తగ్గటం, విటమిన్‌ బి12 లోపం, కుంగుబాటు, కొన్నిరకాల మందులూ ఇలాగే కనిపించేలా చేస్తాయి. వీటిని సరిదిద్దుకునే వీలుంటుంది. కాబట్టి ఇల్లు మారాలనే నిర్ణయానికి ముందు ఒకసారి వృద్ధుల వైద్య నిపుణులకు గానీ, ఫిజీషియన్‌కు గానీ పూర్తిగా చూపించండి.

ఎముక విరిగినప్పుడూ అంతే. తొలి కొద్ది నెలల ఫిజియోథెరపీ చాలా కీలకం. పడిన వారంలోనే ‘ఇక మంచానికే’ అని నిర్ణయానికొచ్చి ఇల్లు అమ్మకానికి పెట్టేయటం తొందరపాటు.

దారులు నాలుగు

1. సొంతింట్లోనే... మనిషి సాయంతో: చాలామంది పెద్దవాళ్లు కోరుకునేది ఇదే. స్నానాలగదిలో పట్టుకోవటానికి కడ్డీలు, జారని నేల, రాత్రంతా వెలిగే చిన్న దీపం, ఎత్తయిన కమోడ్‌... ముందు ఇవి అమర్చుకోవాలి. మనిషిని పెట్టుకునేటప్పుడు అటెండెంట్‌కూ, నర్సుకూ తేడా తెలిసుండాలి. స్నానం, తిండి, నడిపించటం అటెండెంట్‌ పని. ఇంజెక్షన్లు, మూత్రగొట్టం, పుండ్లకు కట్లు నర్సు చూడాల్సినవి. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే ఒకటే ప్రశ్న అడగండి. ‘ఈమె రాని రోజున ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపిస్తారు?’ పండగ పూట అటెండెంట్‌ ఊరెళ్లిపోతే ఇల్లంతా తలకిందులవుతుంది.

2. రిటైర్‌మెంట్‌ కమ్యూనిటీ: తమ పనులు తాము చేసుకోగలిగినవారికి. సొంత ఫ్లాటు లేదా విల్లా, అందరికీ కలిపి భోజనశాల, వాకింగ్‌ దారి, అత్యవసర గంట. దేశంలో ఈ పద్ధతికి కోయంబత్తూరు మొదట్నుంచీ పేరుపొందింది. హైదరాబాద్‌ చుట్టుపక్కలా ఇలాంటివి వచ్చాయి. ఒంటరితనం తగ్గుతుంది. కానీ చాలాచోట్ల ఇది ఇల్లే తప్ప సంరక్షణ కేంద్రం కాదు.

3. అసిస్టెడ్‌ లివింగ్‌: స్నానం, దుస్తులు, మందుల వంటివాటికి రోజూ ఒకరి సాయం కావాల్సినవారికి. గది, భోజనం, సాయం కలిపి నెలకింత అని తీసుకుంటారు. ఆపరేషన్‌ తర్వాత రెండుమూడు నెలలు ఉండివెళ్లే ఏర్పాటు కూడా కొన్నిచోట్ల ఉంటుంది.

4. నర్సింగ్‌, డిమెన్షియా సంరక్షణ కేంద్రాలు: మంచానికే పరిమితమైనవారికి, గొట్టంతో ఆహారం ఇవ్వాల్సినవారికి, తలుపు తీసుకుని బయటకు వెళ్లిపోయే డిమెన్షియా బాధితులకు. ఇక్కడ గోడలకన్నా సిబ్బందే ముఖ్యం.

వీటితో పాటు ట్రస్టులు నడిపే వృద్ధాశ్రమాలూ ఉన్నాయి. తక్కువ ఖర్చులో ఎంతో శ్రద్ధగా చూసుకునేవి వాటిలోనూ ఉన్నాయి. అయితే మంచాన పడినవారిని చేర్చుకోనివీ ఉంటాయి. ముందే కనుక్కోవాలి.

మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. అరవై అయిదేళ్ల వయసులో, కాలూచేయీ బాగా ఆడుతున్నప్పుడు, పచ్చిక బయలూ క్లబ్‌హౌసూ చూసి రెండో రకం ఎంచుకుంటారు. పదేళ్లకు మూడో రకమో, నాలుగో రకమో అవసరమవుతుంది. అది అక్కడ ఉండదు. డెబ్బై అయిదో ఏట మళ్లీ ఇల్లు మారాలి. కాబట్టి ఇవాళ్టి ఆరోగ్యానికి కాదు, రేపటి అవసరానికి ఎంచుకోండి. ‘పరిస్థితి ముదిరితే మమ్మల్ని ఇక్కడే ఉంచుకుంటారా, పంపించేస్తారా?’ అన్నదే అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. జవాబు నోటిమాటగా కాదు, ఒప్పందంలో ఉండాలి.

లెక్క ఎలా వేయాలి?

పై దంపతుల ఉదాహరణే తీసుకుందాం. అంకెలు మీ ఊరు, మీరు చూసిన చోటును బట్టి మారతాయి. లెక్కవేసే తీరు మాత్రం ఇదే. ఆవిడ అసిస్టెడ్‌ లివింగ్‌లో చేరితే గది, భోజనానికి నెలకు రూ.35 వేలు, అదనపు సాయానికి రూ.15 వేలు, మందులూ డైపర్లూ ఫిజియోకు రూ.10 వేలు అనుకుందాం. మొత్తం రూ.60 వేలు. ఆయన ఇంటి ఖర్చు దీనికి అదనం.

ఇక రాబడి. ఆయన పింఛను రూ.45 వేలు అనుకుందాం. సీనియర్‌ సిటిజన్స్‌ సేవింగ్స్‌ స్కీమ్‌లో ఒకరు గరిష్ఠంగా రూ.30 లక్షలు పెట్టొచ్చు. 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి రూ.61,500 వస్తుంది. అంటే నెలకు రూ.20,500. రెండూ కలిపితే రూ.65,500. ఇవాళ్టికి ఆవిడ ఖర్చు గట్టెక్కుతుంది. ఇక్కడితో ఆపేస్తేనే ప్రమాదం. ఇంకో మూడు లెక్కలు వేయాలి.

ఒకటి, ధరల పెరుగుదల. ఏటా 8 శాతం పెరిగితే ఖర్చు తొమ్మిదేళ్లకు రెట్టింపవుతుంది. ఇప్పటి రూ.60 వేలు అప్పుడు రూ.1.20 లక్షలు. కరవు భత్యంతో పింఛను ఏటా 5 శాతం పెరిగినా రూ.70 వేలకు చేరుతుంది. పొదుపు వడ్డీ అంతే ఉంటుంది. అంటే నెలకు దాదాపు రూ.30 వేల లోటు. అందుకే నెలవారీ ఛార్జీ ఏటా ఎంత పెంచుతారో, దానికి గరిష్ఠ పరిమితి ఏమైనా ఉందో ఒప్పందంలో రాయించుకోవాలి.

రెండు, డిపాజిట్‌. రూ.15 లక్షలు కట్టండి, వెళ్లేటప్పుడు తిరిగిచ్చేస్తామంటారు. మన డబ్బు మనకే వస్తుంది కదా అనిపిస్తుంది. ఆ మొత్తానికి బ్యాంకులో 7 శాతం వచ్చినా ఏడాదికి రూ.1.05 లక్షలు. నెలకు రూ.8,750 మనం కనపడకుండా కడుతున్నట్టే. డిపాజిట్‌లో ఏటా కొంత కోసుకుంటారా? ఖాళీ చేసిన ఎన్ని రోజులకు తిరిగిస్తారు? మరణిస్తే ఎవరికి ఇస్తారు? ఈ మూడూ రాతపూర్వకంగా ఉండాలి.

మూడు, ఒకరు లేకపోతే. ఈ మాట మాట్లాడుకోవటానికి మన ఇళ్లలో ఎవరికీ నోరు రాదు. కానీ తప్పదు. ప్రభుత్వోద్యోగి పూర్తి పింఛను చివరి మూలవేతనంలో సగం ఉంటే, సాధారణ కుటుంబ పింఛను 30 శాతమే. అంటే ఆయన ముందుగా వెళ్లిపోతే ఆవిడకు వచ్చే రూ.45 వేలు దాదాపు రూ.27 వేలకు పడిపోతుంది. ఆవిడకు కావాల్సిన సాయం మాత్రం తగ్గదు. పైగా చూసుకునే భర్త కూడా ఉండరు. అందుకే లెక్క ఇద్దరి పేరు మీద కాదు, ఎక్కువకాలం బతికే ఒక్కరి పేరు మీద వేయాలి. మనదగ్గర చాలా ఇళ్లలో ఆ ఒక్కరూ భార్యే. పొదుపులో కొంత ఆవిడ పేరు మీదే ఉంచటం, లావాదేవీలు ఆవిడకూ తెలిసుండటం అవసరం.

ఇల్లు అమ్మాలా?

వెంటనే వద్దు. కొత్తచోట కుదురుకుంటామో లేదో తెలియటానికి కనీసం ఏడాది పడుతుంది. అంతవరకూ అద్దెకివ్వండి. అద్దె ఖర్చుకు ఆసరా అవుతుంది. నచ్చకపోతే తిరిగి రావటానికి గడప మిగిలుంటుంది.

సొంతింట్లోనే ఉంటూ మనిషి సాయానికి డబ్బు కావాలంటే రివర్స్‌ మార్ట్‌గేజ్‌ ఒక దారి. అరవై దాటినవారు సొంతింటిని బ్యాంకుకు తనఖా పెడితే వారే నెలనెలా లేదా విడతలవారీగా డబ్బిస్తారు. ఆ ఇంట్లో ఉన్నంతకాలం తిరిగి కట్టనక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది. ఇది ఆ ఇంట్లో నివసించేవారి కోసం. శాశ్వతంగా ఖాళీచేసి హోమ్‌కు మారితే బాకీ తీర్చాల్సి వస్తుంది. కాబట్టి ఇంట్లో ఉండాలనుకునేవారికే ఇది పనికొస్తుంది. హోమ్‌ ఖర్చు కోసం దీన్ని నమ్ముకోవద్దు.

పిల్లల పేరు మీద ఇల్లు రాసివ్వాలనుకుంటే, తమకు కనీస సౌకర్యాలు కల్పించి, సంరక్షణ చూడాలన్న షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్‌ ప్రకారం ఆ షరతు తప్పితే బదిలీని రద్దుచేసే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. షరతు లేకపోతే వాదన చిక్కుల్లో పడుతుంది. ఇది పిల్లల మీద అనుమానం కాదు. వాన రాకముందే గొడుగు కొనుక్కోవటం లాంటిది.

డిమెన్షియా లక్షణాలు మొదలైతే కాగితాల పని అస్సలు వాయిదా వేయొద్దు. మన చట్టం ప్రకారం ఇచ్చినవారి మానసిక స్థితి చెదిరితే పవర్‌ ఆఫ్‌ అటార్నీ చెల్లదు. ఆ తర్వాత కోర్టుకెళ్లి సంరక్షకుడిని నియమించుకోవాల్సి వస్తుంది. వీలునామా, నామినీల పేర్లు, ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే ఉమ్మడి ఖాతా... మనసు స్థిమితంగా ఉన్నప్పుడే పూర్తిచేసుకోవాలి.

చూడటానికి వెళ్లినప్పుడు...

ఆదివారం పొద్దున వెళితే అన్నిచోట్లా అంతా శుభ్రంగానే ఉంటుంది. ఒకసారి చెప్పి వెళ్లండి. ఇంకోసారి చెప్పకుండా, రాత్రి భోజనం వేళకు వెళ్లండి. ఆఫీసు గదిలో కాదు, భోజనశాలలో కూర్చోండి. అక్కడున్న పెద్దవాళ్లతో మాట్లాడండి. పిలుపు గంట నొక్కితే ఎంతసేపటికి వస్తున్నారో చూడండి. కారిడార్‌లో మూత్రం వాసన వస్తోందంటే డైపర్లు వేళకు మార్చటం లేదని అర్థం.

ఇవి తప్పక అడగండి:

* రాత్రిపూట ఎంతమందికి ఎంతమంది సిబ్బంది ఉంటారు? వారిలో నర్సు ఉంటారా?
* డాక్టరు ఎన్ని రోజులకోసారి వస్తారు? అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి, ఎంతసేపట్లో తీసుకెళ్తారు?
* ఆసుపత్రిలో ఉన్న రోజులకు గది ఛార్జీ తీసుకుంటారా? అక్కడ పక్కన ఉండే మనిషిని ఎవరు పంపిస్తారు?
* మంచాన పడినవారిని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పుతారు? ఇప్పుడు ఎవరికైనా పడక పుండ్లున్నాయా?
* నెలవారీ ఛార్జీలో లేనివి ఏమిటి? డైపర్లు, ఫిజియో, అంబులెన్సు, ప్రత్యేక ఆహారం విడిగానా?
* కిందపడితే, జ్వరమొస్తే కుటుంబానికి ఎప్పుడు చెబుతారు? రాసిపెడతారా?
* ఎలాంటి పరిస్థితుల్లో ఖాళీ చేయమంటారు? ఎన్ని రోజుల గడువిస్తారు?

ఫ్లాటు కొంటున్నట్టయితే ప్రాజెక్టుకు రెరా నమోదు ఉందో లేదో రాష్ట్ర రెరా వెబ్‌సైట్‌లో చూసుకోండి. భవనానికి రెరా ఉంది కదా అని సంరక్షణ సేవలకు అది హామీ అనుకోవద్దు. సేవల ఒప్పందం వేరు. దాన్ని విడిగా చదవాలి. అన్నీ నచ్చాక కూడా డిపాజిట్‌ కట్టేముందు ఒక నెల ఉండిచూడండి. ఆ నెలకు డబ్బు తీసుకుంటారు. తీసుకోనివ్వండి. లక్షల పొరపాటుకన్నా అది చవక.

మాట్లాడాల్సింది ఇప్పుడే

‘హోమ్‌’ అనగానే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు ‘‘మమ్మల్ని వదిలించుకుంటున్నారు’’ అనుకుంటారు. పిల్లలు ‘‘నలుగురూ ఏమనుకుంటారు’’ అని జంకుతారు. ఈ రెంటి మధ్యా అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది. తెనాలి ఇంట్లో ఉన్నా రాత్రి లేపేవారు లేక తడిసిన పక్కలోనే తెల్లారేదాకా ఉండటం గౌరవమా? చేయి పట్టుకుని నడిపించేవారున్న చోట ఉండటం గౌరవమా? పెద్దవాళ్లు ఎక్కడ ఉంటున్నారన్నదాని కన్నా ఎలా ఉంటున్నారన్నది ముఖ్యం. కాకపోతే నిర్ణయం వారి ముందు, వారితో కలిసి జరగాలి. వారు లేని వాట్సప్‌ గ్రూపులో కాదు.

అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూర్చుని ఎవరు ఎంత ఇస్తారో, ఎవరు ఎన్నిసార్లు వచ్చి చూస్తారో రాసుకోండి. డబ్బు పంపేవారిదీ, దగ్గరుండి చూసేవారిదీ రెండూ బాధ్యతలే. దగ్గరుండేవారి శ్రమకు ఖరీదు కట్టకపోతే ఆ బరువంతా ఒక్క కూతురి మీదో, కోడలి మీదో పడుతుంది.

మన ఉదాహరణలోని దంపతుల విషయానికొస్తే, వారికి సరిపోయే దారి ఇలా ఉండొచ్చు. ఆవిడ మూడు నెలల పాటు ఫిజియో ఉన్న సంరక్షణ కేంద్రంలో చేరటం. ఆలోపు స్నానాలగది మార్పించటం. నడక కుదిరితే పగటిపూట అటెండెంట్‌తో ఇంటికి తిరిగిరావటం. కుదరకపోతే ఇద్దరూ కలిసి ఉండగలిగే చోటు చూసుకుని, ఇల్లు అద్దెకివ్వటం. ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. కాకపోతే ఇదంతా ఆవిడ పడిపోయాక, ఆసుపత్రి వరండాలో నిలబడి, ఫోన్లలో తేల్చుకోవాల్సి వచ్చింది. ఆవిడ బాగా తిరుగుతున్నప్పుడే ఓ సాయంత్రం కూర్చుని మాట్లాడుకుని ఉంటే, ‘‘నాకు ఎక్కడ ఉండాలనుంది’’ అన్న మాట ఆవిడే చెప్పి ఉండేవారు.

వయోవృద్ధులకు సంబంధించిన సమాచారం, సాయం, చట్టపరమైన సలహా కోసం ఎల్డర్‌లైన్‌ 14567కు ఫోన్‌ చేయొచ్చు. ఇది ఉచితం. ఆ నంబరు ఇవాళే అమ్మానాన్నల ఫోన్లలో పెట్టండి. ఆ పనిలో పనిగా ‘‘మీకెలా ఉంటే బాగుంటుంది?’’ అనీ అడగండి.